పెద్ద జెముడు, చిన్న జెముడు

రెండు జెముడుకాకుల్ని పక్కపక్కన నిలబెడితే ఏది పెద్దదో ఏది చిన్నదో ఎవరైనా చెప్పేస్తారు. వచ్చిన చిక్కల్లా అవి పక్కపక్కన నిలబడవు. గడ్డిలో ఏదో కదులుతుంది. నల్లటి ఒళ్ళు, ఇటిక రంగు రెక్కలు, పొడుగు తోక కనబడతాయి, ఇంతలో మాయం. కాకంత ఉందా, కాకి కన్నా చిన్నదా అని అడిగితే ఏం చెబుతాం? పక్కన కాకి కూడా ఉండాలి కదా కొలవడానికి. పుస్తకంలో బొమ్మలు చూసి పక్షుల్ని గుర్తుపట్టొచ్చు అనేవాళ్ళని నాలుగు రోజులు మా ఇంటి వెనక బురదలో నిలబెట్టాలి.

మా ఇల్లు దలాలో. నదికి అవతల రంగూన్ నగరం, ఇవతల మేము. వంటగది మెట్టు దిగితే పెద్ద తడి బయలు. వానాకాలం మోకాలి లోతు నీళ్ళు, ఎండల్లో కూడా కాలు పెడితే చెప్పు ఊడిపోయే బురద. తుంగ, జమ్ము, మనిషెత్తు గడ్డి, మధ్యమధ్య ముళ్ళపొదలు. అందులో ఎవరూ ఇల్లు కట్టలేదు, ఎవరూ దున్నలేదు. అందుకే పక్షులన్నీ అక్కడే.

నేను అవతలి ఒడ్డున సేక్కాన్‌లో, రేవు పక్కన, సరుకులు పంపే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసేదాన్ని. సైన్యం మళ్ళీ గద్దెనెక్కిన ఏడు ఆ ఆఫీసు మూసేశారు. అవతలి ఒడ్డున జనం రోడ్లమీదకొచ్చారు. లైంగ్‌థార్యార్ పేటలో కాల్పులు జరిగాయని పడవల వాళ్ళు చెప్పేవాళ్ళు. ఫోన్లో నెట్ లేదు. పొద్దుగూకితే ఊరంతా గిన్నెలూ మూకుళ్ళూ వాయించేది, దెయ్యాన్ని తరిమినట్టు. మా అమ్మ అన్నం వార్చే గిన్నె ఆ నెలల్లోనే సొట్టలు పోయింది. మిగతా పొద్దంతా చేసేదేముంది? ఆఫీసులో ఒక పెద్దావిడ పక్షుల్ని చూడటం నేర్పింది నాకు, తన పాత బైనాక్యులర్ కూడా ఇచ్చేసింది. దాన్ని మెడలో వేసుకుని బయల్లోకి దిగేదాన్ని.

మా నాన్న రేవులో టాలీ పని చేసి మానేసిన మనిషి. ఓడలోంచి దిగే బస్తాల మీద గుర్తులు చూసి ఇది ఫలానా గోదాముకి, అది ఫలానా గోదాముకి అని చెప్పడం ఆయన పని. ఒకే రకం గోనె, ఒకే రకం సిరా, ఒక గీత అటో ఇటో. ఆయన నాకు నేర్పిన చదువు ఇదొక్కటే.

"ఒక గుర్తు సూసి బస్తా దించినావా, సచ్చినావే. మూడు గుర్తులు కలిస్తేనే నోరిప్పు" అనేవాడు.

పక్షులకీ అదే పెట్టుకున్నాను. మూడు గుర్తులు కలవకపోతే నోటుబుక్కులో పేరు పక్కన ప్రశ్న గుర్తు. మా నోటుబుక్కు నిండా ప్రశ్న గుర్తులే. సాయంత్రం నాన్న కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దే మేష్టారిలా చదివేవాడు. "ఇదేటి, దీనికి రెండే రాసినావు? కొట్టీ, కొట్టీ" అని ఆ పేరు నా చేతే కొట్టేయించేవాడు. ఎంత చిరాకేసేదో. అయినా ఆయన ఊఁ అన్న పేరు ఉంటే ఆ రోజు అన్నం ఇంకో ముద్ద దిగేది.

జెముడుకాకులు మా బయల్లో రెండు రకాలున్నాయని తేల్చుకోవడానికి నాకు దగ్గర దగ్గర రెండు నెలలు పట్టింది. పెద్ద జెముడుకి కళ్ళు ఎర్రగా ఉంటాయి, ఒంటి నలుపు నిగనిగలాడుతుంది, గొంతు ఖాళీ డ్రమ్ములోంచి వచ్చినట్టు ఊప్ ఊప్ ఊప్ అని లోతుగా ఉంటుంది. చిన్న జెముడుకి కళ్ళు నల్లన, నలుపులో పస లేదు, భుజాల మీద పాలిపోయిన సన్న గీతలు, గొంతులో ఆ లోతు లేదు, టొకటొకమని కొడుతుంది. ఇలా రాస్తే ఎంత సులువుగా ఉందో చూడండి. గూడు మాత్రం రెండూ ఒకలాగే కడతాయి, గడ్డి ఉండలా, పక్కన కన్నంతో. పిల్లలైతే మరీ ఘోరం. నల్ల తోలు మీద తెల్ల వెంట్రుకలు, పాములా బుస కొట్టడం. పిల్లని చూసి రకం చెప్పాలంటే తల్లినో తండ్రినో పట్టుకోవాల్సిందే.

వానలు మొదలైన పదిహేను రోజులకి రెండు గూళ్ళు దొరికాయి. ఒకటి దూరంగా కాలవ వైపు, గడ్డి మొదట్లో, చిన్నదానిది. ఒకటి మా వంటగదికి యాభై అడుగుల్లో, ముళ్ళపొదలో, పెద్దదానిది. మూడు గుర్తులూ కలిశాయి. ఆ రోజు భోజనాల దగ్గర నా గొప్పలు వినాలి. నాన్న నోటుబుక్కు చూసి, "ఇది ఒప్పుకుంటాను" అన్నాడు. అమ్మ పప్పు వడ్డిస్తూ ఆగిపోయింది.

"పెద్దదేనేటి? సూసినావా నువ్వు?"

"ఎర్ర కళ్ళతో నన్నే చూసిందమ్మా."

నా పక్షుల గోల మీద అమ్మకి ఎప్పుడూ లేని శ్రద్ధ ఇవాళ పుట్టిందని పొంగిపోయాను. పిచ్చిదాన్ని.

ఆ తర్వాత వారానికి నాన్న పడ్డాడు. వంటగది మెట్టు నుంచి గట్టు మీదకి వేసిన చెక్క పలక నాచు పట్టి, కాలు జారింది. మోకాలికి జానెడు కింద ఎముక విరిగిన చప్పుడు లోపల బియ్యం ఏరుతున్న నాకు వినబడింది. ఊళ్ళో కాంపౌండరు వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. "ఇది నా చేతిలో పని కాదు, అవతలికి తీసుకెళ్ళండి" అన్నాడు. పెద్దాసుపత్రుల్లో డాక్టర్లు సైన్యం మీద సమ్మెలో ఉన్నారు. ఆ సమ్మె డాక్టర్లే అవతలి ఒడ్డున ఒక బౌద్ధ మఠంలో గుట్టుగా రోగుల్ని చూస్తున్నారని కాంపౌండరే చెవిలో చెప్పాడు.

నాన్న వెళ్ళనన్నాడు.

ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనం. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు జరిగిన వెనకటి తిరుగుబాటులో మా చిన్నాన్న ఒక పొద్దున్న జనంలో కలవడానికి పడవెక్కి అవతలికి వెళ్ళాడు. "నువ్వు కూడా రా" అని నాన్నని పిలిచాడట. నాన్న వెళ్ళలేదు. చిన్నాన్న తిరిగి రాలేదు, శవమూ రాలేదు. నాన్న రేవు పనికి మళ్ళీ రోజూ నది దాటాడు, అది వేరే సంగతి. కానీ ఈ ఏడు రేవు మెట్ల మీద సిపాయిలు నిలబడ్డప్పటి నుంచి ఆయన ఒక్కసారీ పడవెక్కలేదు. మందులకీ నేనే, కూరలకీ నేనే. కాలు విరిగాక అయితే, "అదే అతుక్కుంటాది, ఒగ్గీ" అన్నాడు. మూడో రోజుకి కాలు పిండి బస్తాలా ఉబ్బింది. అయినా అదే మాట.

అప్పుడు అమ్మ జెముడుకాకి వేరు సంగతి ఎత్తింది.

శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి ఓడలో వచ్చిన వాళ్ళ సంతానం మా అమ్మ. ఆ ఊరు చూడలేదు గానీ ఆ ఊరి మాటలన్నీ ఆవిడ కొంగుకే ఉన్నాయి. జెముడుకాకి పిల్ల కాలికి ఇనప తీగ కడితే, తల్లి అడవంతా తిరిగి సంజీవని వేరు తెచ్చి తీగకి ముట్టిస్తుందట. తీగ తెగిపోతుందట. అప్పుడు గూడు తీసుకొచ్చి పుల్లా పుడకా పారే నీళ్ళలో వేస్తే, ఏది ఎదురీదుతుందో అదే వేరు. అరగదీసి పట్టేస్తే విరిగిన ఎముక అతుక్కుంటుంది. వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. అదీ పెద్ద జెముడే తేవాలి, చిన్నదానికి ఆ వేరు తెలియదట. ఆవిడ ఆ రోజు పప్పు వడ్డిస్తూ ఎందుకు ఆగిందో నాకు అప్పుడు వెలిగింది.

నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. పచ్చి మూఢనమ్మకం అన్నాను. పిల్ల చచ్చిపోతుంది అన్నాను. మర్నాడు పొద్దున్న అమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఆ బురదలో ముళ్ళపొద దాకా నడిచింది. చేతులు గీరుకుపోయి, నెత్తురు కారుతూ తిరిగొచ్చింది.

"కట్టీసినాను. తీగ రెండో కొస పొదకి సుట్టినాను, పిల్ల పడిపోకుండా" అంది.

గూట్లో రెండు పిల్లలున్నాయి. వాటిలో పెద్ద పిల్ల కాలికి కట్టింది.

ఆ రోజే విప్పేసి ఉండొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడుక్కున్నాను, చాలాసార్లు. అమ్మ వంటగది గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చుంది, నిజమే. కానీ ఆవిడ స్నానానికి లేచినప్పుడు, దేవుడి దగ్గర దీపం పెట్టుకున్నప్పుడు నాకు పది నిమిషాలు దొరికేవి. నాన్న మంచం మీంచి అడిగేవాడు, "తల్లి వొచ్చిందేటి? నోట్లో ఏటైనా ఉందేటి?" అని. ఆ గొంతులో ఆశ ఉంది. బైనాక్యులర్‌తో చూసి చెప్పేదాన్ని. నత్త తెచ్చింది. కప్ప తెచ్చింది. ఒకసారి ఒక పుల్ల తెచ్చింది. నవ్వుకోండి. అంత అరిచిన దాన్ని, ఆ పుల్ల లోపలికి పోయే దాకా కన్నార్పలేదు.

నాలుగు రోజులు అలా పోయాయి. ఐదో రోజు పొద్దున్న నాన్న కాలి వేళ్ళు చల్లబడి నీలి రంగుకి తిరిగాయి. ఒళ్ళు కాలిపోతోంది. కాంపౌండరు కట్టు సడలించి నన్ను బయటికి పిలిచి, "ఇవాళ తీసుకెళ్ళకపోతే కాలు తీసెయ్యాలి. ఇంకా ఆలస్యమైతే కాలుతో ఆగదు" అన్నాడు.

లోపలికొచ్చి చెప్పాను. నాన్న గోడ వైపు తిరిగాడు.

"ఇంకో రెండు రోజులు సూద్దాం. వేరు వొస్తాది."

నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకి వేరు మీద నమ్మకం ఎంతుందో గానీ, నది దాటకుండా ఉండటానికి అదొక్కటే దొరికింది. ఆ ఒక్కటీ లాగేస్తే తప్ప మంచం దిగడు. నేను నోటుబుక్కు తీసుకుని మంచం అంచున కూర్చున్నాను.

"నాన్నా, తప్పు చేశాను. అది పెద్దది కాదు."

అమ్మ గుమ్మంలోంచి లేచింది. "ఏటీ?"

"చిన్న జెముడే. పొద్దుటెండలో చూసి కళ్ళు ఎరుపనుకున్నాను. ఇవాళ సరిగ్గా చూశాను, నల్లటి కళ్ళే. భుజం మీద గీతలు కూడా ఉన్నాయి, గొంతులో ఆ లోతూ లేదు. మూడు గుర్తులూ చిన్నదానివే."

నాన్న నా మొహంలోకి చూశాడు, బస్తా మీద చెరిగిపోయిన గుర్తుని చూసేటట్టు. తర్వాత కళ్ళు మూసుకుని, "అయితే ఎల్దాం" అన్నాడు.

ఒక్కసారిగా పనులు మీద పడ్డాయి. పక్కింటి బర్మా అన్నదమ్ములిద్దరూ నాన్నని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. మోటారు పడవాయన ఒకాయన అప్పుడే బయల్దేరుతున్నాడు. అమ్మ బట్టల సంచి చంకన పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే, చిన్నదైతే మరి ఆ తీగెందుకు? పాపం, ఇప్పీసి రా."

"పడవ వెళ్ళిపోతుందమ్మా. సాయంత్రానికి వచ్చేస్తాం కదా, విప్పుతాను" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను.

పడవలో అమ్మ ముందు కూర్చుంది, మేము వెనక. మోటారు చప్పుడుకి పక్క మనిషి మాట కూడా వినబడదు. నది మధ్యకి వచ్చాక నాన్న నా తల దగ్గరికి లాక్కున్నాడు. నొప్పేమో అనుకున్నాను.

"అది పెద్దదే కదే."

నేను ఆయన కాలి కట్టు సర్దబోయాను.

"రోజూ మంచం మీంచి ఇంటన్నాను దాని గొంతు. పెద్దదే. నువ్వు పక్షి గురించి నాకెప్పుడూ అబద్దం ఆడనేదు. ఇవాళ ఆడినావంటే ఎంత బయ్యమేసిందో నీకు. అందుకే లేచినాను."

ఏడుపొచ్చింది. వాన పడుతోంది కాబట్టి సరిపోయింది. అవతలి మెట్ల మీద సిపాయిలు సంచి కుమ్మరించారు, నా ఫోను తిరగేసి చూశారు, ఒకడు తుపాకీ కొసతో కాలి కట్టుని పొడిచాడు. నాన్న నా మణికట్టు పట్టుకున్న చోట మర్నాటికి నాలుగు వేళ్ళ నల్లటి మచ్చలు తేలాయి. పోనిచ్చారు.

మఠంలో డాక్టరమ్మ నా కన్నా చిన్నది. ఎముక వంకరగా అతుక్కోవడం మొదలెట్టిందని మళ్ళీ విరిచి సరిచేసింది. నాన్న కేక నేను బయట చెప్పుల దగ్గర కూర్చుని విన్నాను. కాలు దక్కింది. జ్వరం తగ్గే వరకు కదపొద్దన్నారు. సాయంత్రానికి వస్తామన్న మేము ఏడో రోజుకి వచ్చాం. ఆ ఏడు రోజుల్లో తీగ సంగతి నాకు గుర్తు రాలేదని అంటే అబద్ధం. మొదటి రెండు రోజులు గుర్తు రాలేదు. మూడో రోజు వచ్చింది. నాన్నని వదిలి, సిపాయిల మధ్య నుంచి ఒక పక్షి పిల్ల కోసం వెళ్ళి రావడమా అనుకున్నాను. దాన్ని తల్లిదండ్రులే చూసుకుంటాయిలే అనుకున్నాను. అక్కడ ఎవరితో చెప్పినా నాకు పిచ్చనేవాళ్ళు.

ఇంటికొచ్చి నాన్నని మంచం మీద దింపాక, కటింగ్ ప్లయరు తీసుకుని బయల్లోకి వెళ్ళాను. గూడు ఖాళీ. రెండో పిల్ల వెళ్ళిపోయింది. తీగ కట్టిన పెద్ద పిల్ల గూటి బయట తలకిందులుగా వేలాడుతోంది, తీగ ఉన్న కాలి మీదే. ఎగరడానికి దూకి ఉంటుంది. చీమలు పట్టాయి. దాని కింద గడ్డిలో నత్తలు మూడు, ఒక కప్ప, పాడైపోయి పడి ఉన్నాయి. అది వేలాడుతున్నప్పుడు కూడా తల్లీ తండ్రీ తిండి తెచ్చాయి.

తీగ కత్తిరించి అక్కడే బురదలో పూడ్చాను. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నాన్న నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"ఎగిరిపోయిందేటి?"

ఎగిరిపోయింది అనడం ఎంతసేపు? ఆ మాట నాలిక మీదకి వచ్చింది కూడా. నాన్న మొహం చూస్తే అనలేకపోయాను.

"చచ్చిపోయింది నాన్నా. అమ్మ విప్పమంది. నేనే విప్పలేదు."

నాన్న వెల్లకిలా తిరిగి పైకప్పు వంక చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి, తుడుచుకోలేదు. చిన్నాన్న రాని రోజుల్లో కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, వంటగది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీయమ్మకి సెప్పకు. కట్టింది నా కాలి కోసరమే కదా."

చెప్పలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ నన్నడిగింది, తీగ విప్పావా అని. విప్పానన్నాను.